గుండె కాలువల కొలత: వైరు నుంచి బొమ్మకు

మన బడిలో ఫిజిక్స్ మాస్టారు పీడనం పాఠం చెప్పిన రోజు మమ్మల్ని పొలం బోదె దగ్గరికి తీసుకెళ్లారు. గట్టు విరిగి బోదె సగం పూడింది. అయినా చివరనున్న మిరప మడి తడుస్తూనే ఉంది. "ఎంత పూడిందని కాదురా, చివరి మడికి నీళ్లు చేరుతున్నాయా అని చూడండి" అన్నారు. 1984లో పదో తరగతి ముగించి, ఆనక క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్‌నైన నాకు ఆ మాట ఉద్యోగమంతా గుర్తొస్తూనే ఉంది.

గుండె రక్తనాళంలోకే రంగుమందు పంపి బొమ్మ తీయడం 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మొదలైంది. అదీ పొరపాటున! డాక్టర్ మేసన్ సోన్స్ వేరే పరీక్ష చేస్తుండగా మందు కుడి కరోనరీ ధమనిలోకి వెళ్లింది. రోగి బతికాడు, యాంజియోగ్రామ్ పుట్టింది. 1977లో జూరిచ్‌లో గ్రుంట్జిగ్ బెలూన్‌తో పూడిక విప్పారు. 1990లలో మన హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చౌక స్టెంట్ తెచ్చారు. కానీ స్టెంట్ ఎవరికి అవసరమన్నది మాత్రం చాలాకాలం కంటి అంచనాయే.

2005లో మా నాన్నకు ఒకచోట 70 శాతం పూడిక, స్టెంట్ తప్పదన్నారు. అదే సీడీ చూసి మరొకచోట 50 శాతమే, మందులు చాలన్నారు. "ఒకే సినిమా చూసి ఇద్దరూ రెండు కథలు చెబుతారేంట్రా?" అన్నాడు నాన్న. ఈ శాఖలోనే పనిచేస్తూ జవాబు చెప్పలేకపోయాను. అరెకరం అమ్మి స్టెంట్ వేయించాం.

నిజానికి అప్పటికే కొలత ఉంది. నెదర్లాండ్స్‌లో నికో పైల్స్, బెల్జియంలో బెర్నార్డ్ డి బ్రూయిన్ 1990లలో దాన్ని నిలబెట్టారు. సన్నటి వైరును పూడిక దాటించి, మందుతో ప్రవాహాన్ని బాగా పెంచి, అవతలి పీడనాన్ని ఇవతలి పీడనంతో భాగిస్తారు. 0.80 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే రక్తం చాలడం లేదని లెక్క. అంటే మాస్టారి చివరి మడే! 2009లో వెలువడిన ఫేమ్ అధ్యయనంలో ఈ కొలత వాడితే మనిషికి సగటున 2.7 స్టెంట్ల బదులు 1.9 సరిపోయాయి, ఏడాదిలో ప్రమాదాలూ తగ్గాయి. అయితే వైరు ఖరీదు అదనం. నాన్నకు దాని మాటే ఎవరూ ఎత్తలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

ఇప్పుడు వైరు లేకుండానే ఆ పని చేస్తున్నారు. రెండు కోణాల యాంజియోగ్రామ్ బొమ్మల నుంచి కంప్యూటర్ నాళం ఆకారాన్ని కడుతుంది. రంగుమందు ఎన్ని ఫ్రేముల్లో ఎంత దూరం పోయిందో చూసి పీడనం ఎంత పడిపోతుందో లెక్కిస్తుంది. దీని పేరు క్యూఎఫ్ఆర్. 2021లో చైనాలో 3,825 మందిపై చూస్తే, ఏడాదిలో గుండెపోటు వంటి ప్రమాదాలు కంటి అంచనా వర్గంలో 8.8 శాతం, దీనితో 5.8 శాతం. అలాగని సంబరపడలేం. 2024లో యూరప్‌లో 2,000 మందిపై వైరుతోనే పోల్చితే ఇదే వెనకబడింది: 6.7 శాతం, వైరుకు 4.2. నా మట్టుకు, వైరు అందేచోట వైరే మేలు. అందనిచోట కంటి అంచనా కన్నా ఇది నయం.

నాన్న స్టెంట్‌తో మరో పన్నెండేళ్లు బతికాడు. స్టెంట్‌కు ముందు తీసిన ఆ సీడీ నా బీరువాలోనే ఉంది. రెండు మంచి కోణాలూ ఉన్నాయి. ఇప్పుడైనా లెక్క కట్టించవచ్చేమో. ఇంతవరకూ కట్టించలేదు.