యోబు గ్రంథము - గ్రీకు విషాద నాటకము

యోబు గ్రంథము హీబ్రూ బైబిలులోని 42 అధ్యాయముల గ్రంథము. దీని ఆద్యంతములు వచనము, నడుమనున్న సంవాదము పద్యము. ఊజు దేశస్థుడైన యోబు నీతిమంతుడు. దేవుని సభలో అపవాది అతని భక్తిని శంకించిన మీదట సంపదను, సంతానమును, ఆరోగ్యమును కోల్పోవును. దీనిని ప్రాచీన గ్రీకు విషాద నాటకముతో పోల్చి చదువుట చిరకాలముగా ఉన్నది.

చరిత్ర

మోప్సుయెస్తియా బిషపు థియొడోర్ (మరణం 428) ఈ గ్రంథకర్త గ్రీకు నాటకములను అనుకరించినాడని భావించినాడు. ఈ అభిప్రాయము 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభలో ఖండనకు గురియైనది. 1753లో ప్రచురితమైన ఉపన్యాసములలో రాబర్ట్ లౌత్, సోఫోక్లీసు ఈడిపస్ నాటకములతో పోల్చి, యోబులో సంభాషణ ఉన్నదే గాని కథాగమనము లేదని తేల్చినాడు. 1918లో హొరేస్ కాలెన్ దీనిని యూరిపిడీసు తరహా నాటకముగా, బృందగానములతో సహా, పునర్నిర్మించినాడు. హీబ్రూ రచయిత గ్రీకు నాటకము చూచినాడనుటకు ఆధారము లేదు.

పోలికలు, భేదములు

ఈస్కిలస్ పేరిట ఉన్న 'బంధిత ప్రొమీథియస్' దీనికి మిక్కిలి దగ్గర. అందులోను బాధితుడు కదలలేని స్థితిలో ఉండగా ఒక్కొక్కరు వచ్చి హితవు చెప్పుదురు; చివర తుఫాను వచ్చును. అయితే ప్రొమీథియస్ దేవతల నిప్పును దొంగిలించినవాడు. విషాద నాయకుని పతనమునకు అతని పొరపాటు కారణము కావలెనని, సర్వోత్తముడు పతనమగుట విషాదము కాక జుగుప్స కలిగించునని అరిస్టాటిల్ మతము. యోబు మిత్రులు వెదకినదీ ఆ తప్పునే. తప్పు లేదని పాఠకునికి మొదటి అధ్యాయముననే తెలియును, మిత్రులకు తెలియదు. గ్రంథమునకు బలమంతయు ఇక్కడనే ఉన్నది.

తెలుగునాట

శ్రీకాకుళం జిల్లా టెక్కలి, సోంపేటలలో కెనడా బాప్టిస్టు మిషను పనిచేసినది. ఇచ్చటి క్రైస్తవ సంఘములకు యోబు కథ తెలుగు బైబిలు ద్వారా పరిచితము. పెనుగాలికి ఇల్లు కూలి యోబు బిడ్డలు మరణించిన ఘట్టమునకు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన పలాస, ఉద్దానము ప్రాంతములలో వ్యాఖ్యానము అక్కరలేదు.

తెలుగు ప్రేక్షకునికి గ్రీకు నాటకము కంటె బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్ర' దగ్గర. దేవసభలో వివాదము, నిర్దోషికి పరీక్ష, చివర సంపద తిరిగి వచ్చుట రెండింటను కలవు. హరిశ్చంద్రుడు మాట తప్పక సహించును. యోబు దేవుని నిలదీయును. లోహితాస్యుడు బ్రతికి వచ్చును. యోబుకు మరల ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగిరి గాని, మరణించిన పదిమంది తిరిగి రాలేదు.