మానని రోగము, మానరాని సేవ

“ఇక మేము చేయగలిగినది లేదు, ఇంటికి తీసికొని పొండు” అను మాట, రోగి పసిబిడ్డయైనప్పుడు తలిదండ్రులకు పిడుగుపాటు. ఆ మాటకు పిదపను చేయవలసిన సేవ చాల గలదని వైద్యలోకము గ్రహించిన చరిత్ర అంత పాతది కాదు.

1967లో లండను నగరమున సిసిలీ సాండర్సు అను వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్ హాస్పిసును నెలకొల్పెను. హాస్పిసు అనగా, వ్యాధి కుదురదని తెలిసినవారికి బాధ తగ్గించి తుదివరకు ఆదరించు గృహము. నొప్పి ముదిరి రోగి యరచువరకు ఆగక, వేళ తప్పక మందిచ్చి నొప్పిని రానీయకుండుట ఆమె పద్ధతి.

పిల్లలకు ప్రత్యేకముగా ఇట్టి గృహము వెలయుటకు మరి 15 ఏండ్లు పట్టెను. ఆక్సుఫర్డులోని యొక క్రైస్తవ మఠమునకు అధిపురాలైన సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా పూర్వము పిల్లల ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొందినది. మెదడులోని కంతికి శస్త్రచికిత్స జరిగిన పిదప లేవలేని స్థితిలో మిగిలిన హెలెన్ అను చిన్నదాని తలిదండ్రులతో 1978లో ఆమెకు పరిచయమయ్యెను. రాత్రింబవళ్లు బిడ్డను కనిపెట్టుకొనియున్న ఆ దంపతులకు విశ్రాంతి నిచ్చుటకై, అప్పుడప్పుడు బిడ్డను మఠమునకు తెచ్చుకొని తానే చూచుచుండెను. ఇంత చిన్న యుపకారమునుండి 1982లో ‘హెలెన్ హౌస్’ పుట్టినది. పిల్లల హాస్పిసులలో ప్రపంచమున అదియే మొదటిది. అచ్చటికి బిడ్డలు చనిపోవుటకే రారు. కొన్నాళ్లుండి యింటికి పోయి మరల వత్తురు. ఆ నాళ్లలో తల్లి కంటినిండ నిదురించును, తోడబుట్టినవారు ఆడుకొందురు. బిడ్డతోపాటు ఇల్లంతయు రోగియే యని గుర్తించుట ఆ సంస్థ గొప్పతనమని నా అభిప్రాయము.

ఈ సేవలో సంగీతము చేరిన కథయు చెప్పదగినది. కెనడాలోని మాంట్రియల్ రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో పెద్దల శయ్యలకడ పాటను వాడిచూచి, సూజన్ మన్రో, డాక్టరు బాల్ఫోర్ మౌంటు 1978లో తమ యనుభవమును వైద్యపత్రికలో ప్రకటించిరి. పాడువారు రోగి యూపిరి వేగమునకు సరిపోవు లయలో పాట నెత్తుకొని, మెల్లమెల్లగా విళంబమునకు దింపుదురు. తరచు ఊపిరియు దానివెంట నెమ్మదించును. త్యాగయ్యగారు బిలహరి రాగ కీర్తనతో మృతుని బ్రదికించిరను ఐతిహ్యము మనకు గలదు. ఈ చికిత్సకులు అంతటి మాట చెప్పరు, చెప్పకపోవుటయే మేలు.

పాట మందునకు బదులు కాదు. మనదేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన మార్ఫీను ఆసుపత్రులకు దుర్లభమయ్యెను. 2014లో గాని చట్టమును సవరింపలేదు. లైసెన్సు కాగితముల నడుమ రోగుల నొప్పి చిక్కుకొనియుండుట, గుమాస్తాగిరిలో బ్రతుకు గడపిన నాకు మరింత నొచ్చును. 1986లో బొంబాయి శాంతి అవేదన ఆశ్రమముతో మనదేశపు హాస్పిసుల చరిత్ర మొదలైనది. బెంగుళూరు ‘కరుణాశ్రయ’ అటుపిమ్మటిది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో పిల్లలకును ఉపశమన సేవ గలదు.

ఇక ఏ పాట? న్యూయార్కు సంగీత చికిత్సకురాలు జోవాన్ లూవీ, ఆమె సహచరులు 11 ఆసుపత్రులలో నెలలు నిండక పుట్టిన 272 మంది శిశువులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. వారు మరణాసన్నులు కారు. అయినను సంగతి మనకు పనికివచ్చును. తలిదండ్రులు కోరుకొన్న తమ యింటి పాటనే జోలగా పాడినప్పుడు శిశువుల గుండె వేగము నెమ్మదించుటయు, తలిదండ్రుల ఆందోళన తగ్గుటయు కనబడినవి.

సోలాపురములోనో, బరంపురములోనో, బెంగుళూరులోనో పుట్టిన మన బిడ్డ బడిలో చదువునది మరాఠీయో, ఒడియాయో, కన్నడమో కావచ్చును. ఉయ్యాలలో వినినది తెలుగు జోల. ఆ పాట ఏ భాషదో నర్సునకు తెలియనక్కరలేదు. అమ్మమ్మను పాడనిచ్చి, గది తలుపు చేరవేసి పోయిన చాలును.