సంతకం లేని సీరియల్

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం అడిగినప్పుడు, నేను దోమకొండ గడీ గురించో నిజాంసాగర్ గురించో రాస్తాననుకున్నట్టున్నారు. వాటి మీద నాకంటే బాగా రాసేవాళ్లు మనలో ఉన్నారు. కామారెడ్డిలో చదువుకొని, ఎల్లారెడ్డిలో చాలా ఏండ్లు పిల్లలకు సోషల్ పాఠం చెప్పినవాణ్ని నేను. ఈ రెండు ఊళ్ల బడిపిల్లలకు ఒకప్పుడు వీరులంటే ఎవరో తెలుసు. ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు. ఆ వీరులను పుట్టించిన మనిషి గురించి ఈ నాలుగు మాటలు.

ముందు అమెరికా సంగతి కొంచెం చెప్పుకోవాలె. ఇప్పటి మన మనుమలు, మనుమరాండ్లు వీరుల లెక్క సూపర్‌మ్యాన్ నుంచే మొదలుపెడతారు మరి. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ వచ్చిండు. కథ జెర్రీ సీగల్‌ది, బొమ్మ జో షుస్టర్‌ది. ఇద్దరూ క్లీవ్‌లాండ్ బడిలో దోస్తులు. హక్కులన్నీ కలిపి 130 డాలర్లకు రాసిచ్చారు. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 1975లో గాని వాళ్లకు పింఛనూ, పుస్తకం మీద మళ్లీ పేరూ దక్కలేదు. బ్యాట్‌మ్యాన్ కథ ఇంకా అన్యాయం. 1939 నుంచి దాని మీద బాబ్ కేన్ పేరు ఒక్కటే ఉండేది. ఆ వీరుడి వేషం, స్వభావం, కథలు చాలావరకు తీర్చిదిద్దిన బిల్ ఫింగర్ 1974లో చనిపోయిండు. సృష్టికర్తల్లో ఒకరిగా ఆయన పేరు వేసింది 2015లో.

మన దగ్గరికి వద్దాం. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపించిన కలం కొడవటిగంటి కుటుంబరావు గారిది. అదే 1952లో ఆ ఆఫీసులో చేరిన ఇరవై ఏండ్ల యువకుడు దాసరి సుబ్రహ్మణ్యం. తెనాలి ప్రాంతంవాడు. 1954లో ఆయన మొదటి సీరియల్ ‘తోకచుక్క’ మొదలైంది. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు, ఒంటికన్ను మాంత్రికుడు ఏకాక్షి, అతనికి శత్రువు చతుర్నేత్రుడు. అక్కడి నుంచి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా మొత్తం పన్నెండు సీరియల్స్. మకర దేవత, కంచుకోట, రాకాసి లోయ, పాతాళ దుర్గం, శిథిలాలయం... పేర్లు చదువుతుంటేనే మీలో కొందరికి ఏ నెలలో ఏ భాగం దగ్గర కథ ఆగిందో యాదికి వస్తుండవచ్చు.

మా చిన్నప్పుడు పుస్తకాల కట్ట మీటర్ గేజ్ రైల్లో కామారెడ్డి దాకా వచ్చేది. ఎల్లారెడ్డికి రైలు లేదు, అక్కడి నుంచి బస్సే. అందుకని కామారెడ్డి పిల్లలకు ఖడ్గవర్మ ఈ లోయ దాటితే, ఎల్లారెడ్డి పిల్లలకు ఇంకా దాటేవాడు కాదు. ఎండాకాలం సెలవులకు ఎల్లారెడ్డిలో మేనత్త ఇంటికి పోయినప్పుడు నాకు దక్కిన గౌరవమంతా ముందే చదివి వచ్చినందుకే. ‘యక్ష పర్వతం’ వచ్చే రోజుల్లో మాకు అడవి అంటే పోచారం అడవి, కోట అంటే దోమకొండ గడీ. బొమ్మలో ఏది ఉన్నా మేము చూసింది అవే.

సూపర్‌మ్యాన్‌తో పోలిస్తే ఒక తేడా నాకు పెద్దయినాక తట్టింది. అక్కడ మహిమలు వీరుడివి. దాసరి గారి కథల్లో మహిమలు ఎక్కువగా మాంత్రికుల దగ్గరే ఉంటాయి. మంత్రదండం వాళ్లది, పిశాచాలు వాళ్లవి. వీరులకు ఉన్నది ఒక కత్తి, కొంత తెలివి, పక్కన ఒక దోస్తు. చూడండి, ఆయన వీరులు ఎక్కువగా జంటలే: శిఖిముఖి, విక్రమకేసరి, ధూమకుడు, సోమకుడు, కేశవుడు, జయమల్లుడు. ఆయన స్వయంగా హేతువాద భావాలున్న మనిషి. దయ్యాలను నమ్మనివాడు దయ్యాల కథలు అంత బాగా ఎట్ల రాసిండని మా స్టాఫ్‌రూంలో ఒకసారి పెద్ద చర్చే జరిగింది. నమ్మేవాడైతే భయపడి ఆపేసేవాడని మా లెక్కల సారు తేల్చిండు.

ఆ సీరియల్స్‌కు బొమ్మలు వేసిన చిత్రా అసలు పేరు టి.వి. రాఘవన్. తమిళుడు, ఎవరి దగ్గరా చిత్రలేఖనం నేర్చుకోలేదు. 1978లో పోయేదాకా చందమామకు వేల బొమ్మలు గీసిండు. బేతాళుణ్ని భుజాన మోసే విక్రమార్కుడి బొమ్మతో శంకర్, ముఖచిత్రాలతో వడ్డాది పాపయ్య గారు అందరికీ తెలిసినవాళ్లే. శంకర్ గారు 2020లో, 96 ఏండ్ల వయసులో కాలం చేశారు. బొమ్మ మూలన సంతకం ఉండేది కాబట్టి వీళ్ల పేర్లు పిల్లలకు నోటికి వచ్చేవి. సీరియల్ కింద మాత్రం రచయిత పేరు ఉండేది కాదు. అది పత్రిక పెట్టుకున్న పద్ధతి, ఒక్కరి మీద కక్ష కాదు. కుటుంబరావు గారు రాసినవాటికీ పేరు ఉండేది కాదు. అయితే కుటుంబరావు గారికి చందమామ బయట నవలలు, కథలు, వ్యాసాలు ఉన్నాయి. దాసరి గారిని పిల్లలు ఎరిగింది ఈ సీరియల్స్‌తోనే. పుస్తకంలో లేని పేరు కామారెడ్డి పిల్లవాడికి ఎట్ల తెలుస్తది? ఉత్తరం రాయాలన్నా ఎవరి పేరున రాయాలె?

‘భల్లూక మాంత్రికుడు’ తర్వాత చందమామలో ఆయన కొత్త సీరియల్ రాలేదు. ఆయన మాత్రం 2006 దాకా అదే ఆఫీసులో పని చేసిండు. అంటే 54 ఏండ్లు. ఒక బడిలో అన్నేండ్లు పని చేసిన మాస్టారు ఎవరైనా ఉంటే చెప్పండి, మన సంఘం తరఫున సన్మానం చేద్దాం. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూసిండు. చివరి రోజుల్లో పాత పాఠకులు కొందరు వెతుక్కుంటూ పోయి ఆయన్ని కలిశారు. ఆ సీరియల్స్ పుస్తకాలుగా వచ్చినాకనే అట్ట మీద ఆయన పేరు కనిపించింది.

నేను రిటైరయ్యేనాటికి ఎల్లారెడ్డి బడి బీరువాలో చందమామ బైండు పుస్తకాలు మూడే మిగిలినయి. రెండింటి లోపలి అట్ట మీద ‘సీరియల్ రచన: దాసరి సుబ్రహ్మణ్యం’ అని సిరాతో రాసిపెట్టిన. మూడోదానికి అట్ట లేదు. మీ ఇండ్లల్లో అటకల మీద పాత సంచికలు ఉంటే, ఉత్సవం రోజు తెచ్చి లైబ్రరీ బల్ల మీద పెట్టండి. పెన్ను నేను తెస్తా.