నడివయసులో పైలట్ వృత్తి

నడివయసులో పైలట్ వృత్తి అనగా ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారస్తులు మొదలైనవారు తాము చేస్తున్న పనిని విడిచి, 30 ఏళ్లు దాటిన తరువాత విమానం నడిపే వృత్తిలోకి ప్రవేశించడం. సాధారణంగా ఈ వృత్తికి ఇంటర్మీడియట్ పూర్తికాగానే శిక్షణ ప్రారంభిస్తారు. అయితే భారతదేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందడానికి కనీస వయసు 18 సంవత్సరాలని మాత్రమే నిబంధన ఉన్నది. గరిష్ఠ వయోపరిమితి లేదు. కావున ఆలస్యంగా ఈ రంగానికి వచ్చేవారికి చట్టం అడ్డు కాదు. ఆరోగ్యం, ధనం, మిగిలిన సర్వీసు కాలం అనే మూడు అంశాలే నిర్ణయాత్మకమైనవి.

లైసెన్సులలో రకాలు

భారతదేశంలో పైలట్ లైసెన్సులను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) జారీ చేస్తుంది. వీటిలో ముఖ్యమైనవి నాలుగు.
- విద్యార్థి పైలట్ లైసెన్సు: కనీస వయసు 16. శిక్షకుని పర్యవేక్షణలో నేర్చుకోవడానికి మాత్రమే.
- ప్రైవేటు పైలట్ లైసెన్సు: కనీస వయసు 17. సొంత ఆసక్తితో నడుపుకోవచ్చును గాని జీతం తీసుకొనరాదు.
- వాణిజ్య పైలట్ లైసెన్సు: కనీస వయసు 18. జీతానికి విమానం నడపడానికి ఇది అవసరం.
- ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు: కనీస వయసు 21, కనీసం 1,500 గంటల అనుభవం. పెద్ద విమానానికి కెప్టెన్ కావలెనన్న ఇది ఉండాలి.

1934 నాటి విమానాల చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అమలులోకి వచ్చింది. అంతకు ముందు టెలికమ్యూనికేషన్ల శాఖ చూసే రేడియో టెలిఫోనీ పరీక్ష ఈ చట్టంతో డీజీసీఏ పరిధిలోకి వచ్చింది.

విద్యార్హత

వాణిజ్య లైసెన్సుకు ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతికశాస్త్రం, గణితం చదివి ఉండాలనే నియమం 1990ల మధ్యకాలం నుండి ఉన్నది. ఆర్ట్స్ లేదా కామర్స్ చదివి వేరే వృత్తిలో స్థిరపడినవారు సార్వత్రిక పాఠశాల ద్వారా ఈ రెండు విషయాలు రాసి అర్హత పొందే మార్గం కలదు. ఈ నియమాన్ని సడలించాలన్న ప్రతిపాదన 2025లో చర్చకు వచ్చింది. కాబట్టి చేరదలచినవారు ఆ సమయానికి అమలులో ఉన్న నిబంధనను సరిచూసుకొనుట మంచిది.

వైద్య పరీక్షలు

వయోజనులు మొట్టమొదట గమనించవలసినది ఇదే. ముందుగా రెండవ తరగతి, పిదప మొదటి తరగతి వైద్య ధ్రువపత్రం పొందాలి. దృష్టి, వర్ణ దృష్టి, వినికిడి, గుండె, రక్తపోటు, మధుమేహం మొదలైనవి పరిశీలిస్తారు. కళ్లద్దాలతో చూపు సరిపడే స్థాయికి వస్తే అనుమతి లభిస్తుంది గాని, రంగులను గుర్తించలేకపోతే లైసెన్సు రావడం కష్టం. రక్తపోటు, మధుమేహం నలభై ఏళ్ల ప్రాంతంలో బయటపడడం సాధారణం. వయసు పెరిగే కొద్దీ పరీక్షలు మరింత కఠినమవుతాయి. శిక్షణ రుసుము చెల్లించిన తరువాత అనర్హత తేలితే ఆ నష్టం పూడ్చుకోవడం దుర్లభం. అందువలన మొదటి తరగతి ధ్రువపత్రం చేతికి వచ్చిన తరువాతనే ఉద్యోగానికి రాజీనామా చేయడం వివేకం.

శిక్షణ

వాణిజ్య లైసెన్సుకు మొత్తం 200 గంటలు విమానం నడపాలి. అందులో:
- 100 గంటలు తానే విమానానికి బాధ్యత వహించే పైలట్‌గా;
- 20 గంటలు ఒక ఊరి నుండి మరొక ఊరికి చేసే ప్రయాణాలు; వీటిలో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా;
- 10 గంటలు బయటి దృశ్యంపై ఆధారపడక, పరికరాల సాయంతో;
- 5 గంటలు రాత్రి వేళ, పది సార్లు ఎగరడం, పది సార్లు దిగడంతో సహా.

వీటితో పాటు ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, సాంకేతిక విషయాలు అనే పరీక్షలలో ఒక్కొక్కదానిలో 70 శాతం మార్కులు రావాలి. చదువు వదిలి పదిహేనేళ్లైనవారు ఇంటి వద్దనే చదివి ముందు ఈ పరీక్షలు పూర్తిచేసుకొంటే, శిక్షణ సంస్థలో గడిపే కాలం తగ్గుతుంది.

ఖర్చు, ఉద్యోగావకాశాలు

2020లలో లైసెన్సు వరకే సాధారణంగా 40 లక్షల రూపాయలకు పైగా ఖర్చవుతున్నది. ఏటీఆర్, బోయింగ్, ఎయిర్‌బస్ వంటి నిర్దిష్ట రకం విమానం నడపడానికి వేరుగా టైప్ రేటింగ్ శిక్షణ పొందాలి. దానికి మరికొన్ని లక్షలు అదనం.

లైసెన్సు ఉద్యోగానికి హామీ కాదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మే నెలలో గో ఫస్ట్ సర్వీసులు ఆగిపోయాయి. కోవిడ్ వలన 2020 మార్చి 25 నుండి రెండు నెలలపాటు దేశీయ ప్రయాణిక విమానాలు నిలిచిపోయాయి. ఇటువంటి సందర్భాలలో అనుభవజ్ఞులైన పైలట్లే ఉద్యోగాల కొరకు వరుసలో నిలబడినందున, కొత్తవారు వేచి ఉండక తప్పలేదు. ఇరవై ఏళ్లవాడు రెండేళ్లు ఆగగలడు. ఇంటిఋణం, పిల్లల చదువులు ఉన్న నలభై ఏళ్లవానికి ఆ రెండేళ్లు చాలా భారం.

వయసు లెక్క

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2006 నవంబరులో విమాన సంస్థల పైలట్ల గరిష్ఠ వయసును 60 నుండి 65కు పెంచింది. 35వ ఏట మొదలుపెట్టి 38వ ఏట ఉద్యోగంలో చేరినవారికి 27 ఏళ్ల సర్వీసు ఉంటుంది. 50వ ఏట మొదలుపెట్టి 53లో చేరితే మిగిలేది 12 ఏళ్లే. ఋణం తీరి మిగులు కనబడడానికి ఆ వ్యవధి చాలకపోవచ్చు. కొన్ని సంస్థలు తమ శిక్షణార్థి పథకాలకు సొంతంగా వయోపరిమితి పెట్టుకొంటాయి.

ఉదాహరణలు

- రాజీవ్ ప్రతాప్ రూడీ (జననం 1962): బీహారుకు చెందిన పార్లమెంటు సభ్యుడు. 2003-04లో పౌర విమానయాన శాఖ సహాయమంత్రిగా పనిచేసిన పిమ్మట వాణిజ్య పైలట్‌గా అర్హత పొంది ఎయిర్‌బస్-320 నడిపాడు.
- బ్రూస్ డికిన్సన్ (జననం 1958): ఐరన్ మెయిడెన్ బృంద గాయకుడు. సరదాకు నేర్చుకొన్న విద్యనే వృత్తిగా మలచుకొని, నలభై ఏళ్లు దాటాక బ్రిటన్‌లోని ఆస్ట్రేయస్ సంస్థలో పైలట్ అయ్యాడు. ఆ సంస్థ 2011లో మూతపడింది.

నంద్యాల, శ్రీశైలం ప్రాంతం

ఈ ప్రాంతానికి చాలాకాలం విమానమంటే ఆకాశంలో కనిపించి పోయేదే. కర్నూలు-నంద్యాల మార్గంలోని ఓర్వకల్లు వద్ద నిర్మించిన విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. అదే నెల 28న సర్వీసులు మొదలయ్యాయి. దీనికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన స్వగ్రామం ఉయ్యాలవాడ ఆళ్లగడ్డకు సమీపంలో, నేటి నంద్యాల జిల్లాలో ఉన్నది. కడప విమానాశ్రయాన్ని 2022లో పైలట్ శిక్షణ సంస్థల ఏర్పాటుకు ఎంపికచేసిన వాటిలో చేర్చారు.

2024 నవంబరు 9న విజయవాడ నుండి శ్రీశైలం జలాశయానికి ప్రయోగాత్మకంగా సీప్లేన్ నడిపారు. నీటిపై దిగే విమానం నడపడానికి మామూలు లైసెన్సు ఒక్కటే చాలదు, ప్రత్యేక శిక్షణ కావాలి.

నల్లమల గగనతలం ఒక విషాదాన్ని కూడా గుర్తుచేస్తుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ పావురాలగుట్ట వద్ద కూలి, ఇద్దరు పైలట్లతో సహా ఐదుగురు మరణించారు. ఆనాడు వాతావరణం ప్రతికూలంగా ఉన్నది. పైలట్ పరీక్షలలో వాతావరణ శాస్త్రానికి ఒక పూర్తి పత్రం ఎందుకు కేటాయించారో విద్యార్థులకు ఈ సంఘటన తెలియజేస్తుంది.

ఇవి కూడా చూడండి

- ఓర్వకల్లు విమానాశ్రయం
- శ్రీశైలం ఆనకట్ట
- బేగంపేట విమానాశ్రయం
- నల్లమల అడవులు