మూకుట్లో కాఫీ గింజలు

పొద్దున లేవగానే మన చేతులు ముందు దేని మీదికి పోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఫిల్టర్లో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, డికాక్షన్ దిగేదాకా ఎదురు చూస్తాం. ఆ పొడిని ఎవరు వేయించారు, ఎన్నాళ్ల క్రితం వేయించారు అని మాత్రం అడగం. మా అత్తగారికి ఆ ప్రశ్నే వుండేది కాదు. వేయించేది ఆవిడే కదా!

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ యింట్లో పచ్చి గింజలే కొనేవారు. ఒకనాడు ఆవిడ అట్లకాడ నా చేతికిచ్చి, “అమ్మాయ్, యీ వాయి నువ్వు వేయించు” అని పూజకు కూర్చున్నారు. వేరుశెనగ గుళ్లు వేయించడం రానిదాన్నా, యిదెంత అనుకున్నాను. పావుగంటలో యిల్లంతా పొగ. గింజ పైన బొగ్గు, కొరికి చూస్తే లోపల పచ్చి. మామగారు ఆ కాఫీ త్రాగి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

యీ వేయించే పని మొదటినుంచీ ఎవరి చేతుల్లో వుందా అని అప్పటినుంచీ నాకు ఒక ఆసక్తి. కాఫీ చెట్టు పుట్టిల్లు యిథియోపియా. అక్కడ యింటికి చుట్టం వస్తే యిల్లాలు వాళ్ల ఎదుటే గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగ వాసన అందరికీ చూపించి, అప్పుడు దంచి కాస్తుంది. ఒకేసారి కాదు, మూడు విడతలుగా పోస్తుంది. యెమెన్‌లో 15వ శతాబ్దంలో సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా దీన్ని త్రాగేవారు. అక్కడి మోకా రేవునుంచి గింజలు లోకమంతా వెళ్లాయి.

యూరప్‌లో అడుగు పెట్టాక కాఫీకి చిక్కులు వచ్చాయి. జర్మన్ దేశంలో బాఖ్ అనే గొప్ప సంగీతకారుడు 1730ల్లో కాఫీ మీద ఒక సంగీత రూపకమే కట్టాడు. అందులో తండ్రి కాఫీ మానెయ్యమంటాడు, కూతురు మాననంటుంది. కాఫీకి అడ్డు చెప్పనివాడినే చేసుకుంటానని గుట్టుగా పంతం పడుతుంది. మన యిళ్లలో పట్టే పంతాలకన్నా యిదేమీ తక్కువ కాదు చూడండి.

అదే జర్మన్ దేశాల్లో ఒకటైన ప్రష్యాకు ఫ్రెడరిక్ అని ఒక రాజు వుండేవాడు. గొప్పవాడని బిరుదు. ఆయనకూ కాఫీ అంటే యిష్టమే! కానీ పరాయి దేశపు గింజలకోసం తన రాజ్యంలోని డబ్బు బయటికి పోతోందని బెంగ. 1777లో ప్రజలు కాఫీ తగ్గించి బీరు త్రాగాలని ప్రకటన చేశాడు. ఎవరు వింటారు? 1781లో యింకో మెట్టు ఎక్కాడు. గింజలు వేయించే హక్కు ప్రభుత్వానిదే అన్నాడు. పెద్ద వుద్యోగులకు, జమీందారులకు, మతాధికారులకు అనుమతి పత్రాలు యిచ్చారు. మామూలు సంసారులు సర్కారువారు వేయించిన పొడిని ఎక్కువ ధరకు కొనాలి, లేదా మానెయ్యాలి.

కానీ గింజలు వేయిస్తే వాసన దాగుతుందా? యుద్ధాల్లో గాయపడి వచ్చిన సిపాయిలను రాజు యీ పనికి పెట్టాడు. వాళ్లు వీధులవెంట తిరుగుతూ ఏ యింటినుంచి కాఫీ వేగిన వాసన వస్తుందో పట్టాలి. జనం వాళ్లను కాఫీ వాసన చూసేవాళ్లని పిలిచేవారు. ఒక్కసారి వూహించండి. తలుపులు బిగించి, దొంగతనంగా గుప్పెడు గింజలు పెనం మీద వేసుకుని, వీధిలో బూట్ల చప్పుడు వింటూ కలియబెడుతున్న ఆ యిల్లాలి గుండె ఎలా కొట్టుకునేదో! 1786లో ఆ రాజు పోయాక యీ ఏర్పాటూ పోయింది. మిగిలిందల్లా చికోరీ. అసలు కాఫీ దొరకని ఆ రోజుల్లోనే అక్కడి జనం చికోరీ వేరును వేయించి కాచుకోవడానికి అలవాటు పడ్డారు. మన పొట్లాల్లో “కాఫీ, చికోరీ మిశ్రమం” అని రాసి వుంటుందే, దాని పూర్వకథ అది.

రాజు చెయ్యలేకపోయిన పని అమెరికాలో ఒక వర్తకుడు చేశాడు. అక్కడ కూడా ఆడవాళ్లు పచ్చి గింజలు కొని యింట్లోనే వేయించుకునేవారు. 1865లో పిట్స్‌బర్గ్‌లో ఆర్బకిల్ సోదరులు వేయించిన గింజలను కాగితపు పొట్లాల్లో అమ్మడం మొదలుపెట్టారు. గింజల వాసన పోకుండా కోడిగ్రుడ్డు, పంచదార కలిపిన పూత పూసేవారు. పొట్లం మీది కూపన్లు కూడబెడితే బహుమతులు. వాళ్ల ప్రకటన ఒకటి వుంది, 1872 నాటిది. అందులో ఒకావిడ పొయ్యి దగ్గర నిలబడి కాఫీ మళ్లీ మాడిందని వాపోతూ వుంటుంది. పక్కనున్నావిడ దర్జాగా, మా పొట్లం కొనుక్కో అని సలహా యిస్తుంది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, వుక్రోషమూ వచ్చింది. అది నా కథే కదా! కాని రెండో వాయి, మూడో వాయి సరిగ్గా వచ్చిన సంగతి ఏ ప్రకటనకర్తా చెప్పడు.

మన దేశానికి బాబా బుడన్ అనే ఫకీరు 17వ శతాబ్దంలో మక్కా యాత్రనుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. పెద్ద తోటలు 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు వేశారు. యిళ్లలోకి రావడం ఆ తరువాత సంగతి. వచ్చిన కొత్తలో చద్దన్నం మాని కాఫీ మరిగారని పెద్దలు సణిగారు. కాని ఆవాలు, మెంతులు, కందిపప్పు, నువ్వులు అన్నీ వేయించే చేతులు మనవి. అందుకే గింజ కూడా అంత సులువుగా మూకుట్లో యిమిడిపోయింది అని నా నమ్మకం. పచ్చి గింజ నెలల తరబడి నిలవ వుంటుంది. పొడి అయితే కొద్ది రోజులకే వాసన పోతుంది. పైగా బజారు పొడిలో చింతపిక్కలు కలుపుతారని భయం. మన అత్తగార్లు అంత శ్రమ పడింది వూరికే కాదు. పొడి మీద మీకు అనుమానం వుంటే చన్నీళ్ల గ్లాసులో చిటికెడు చల్లి చూడండి. కాఫీ పైన తేలుతుంది, చికోరీ రంగు చారలు వదులుతూ అడుక్కి దిగుతుంది.

యిప్పుడు మీరు వేయించదలిస్తే నేను చేసిన తప్పు చెయ్యకండి. మందపాటి యినప మూకుడు తీసుకోండి, గింజలు అడుగు కప్పేటన్ని చాలు. మధ్యస్థంగా మంట పెట్టి, చెయ్యి ఆపకుండా కలపాలి. ముందు గింజ పసుపు పచ్చబడి ఎండుగడ్డి వాసన వేస్తుంది. అప్పుడు తొందరపడి మంట పెంచామా, నా వాయిలాగే అవుతుంది. తరువాత గోధుమ రంగు తిరిగి చిటపట మంటుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర లోపలి ఆవిరి గింజను పగలగొట్టే చప్పుడు అది. అక్కడినుంచి ఒక్కో నిమిషమే లెక్క. రెండోసారి సన్నగా చిటచిట వినబడి, గింజ మీద నూనె మెరిసిందంటే దించెయ్యాలి. గింజలోని వేడి యింకా వేయిస్తూనే వుంటుంది కనుక వెంటనే చాటలో పోసి చెరగాలి. పొట్టు ఎగిరిపోతుంది, గింజా చల్లబడుతుంది. అర్ధశేరు వేయిస్తే అర్ధశేరు రాలేదని కంగారు పడకండి. నూటికి 15 నుంచి 20 వంతులు తరుగు పోతుంది. ఒక రోజు ఆగి మర పట్టండి, లోపలి గాలి బయటికి పోవాలి.

మా అత్తగారు గడియారం చూడగా నేనెరుగను. పూజలో కూర్చునే, “దించవే, రెండో చప్పుడు వచ్చింది” అని కేకవేసేవారు.

పచ్చి గింజలు యిప్పుడెక్కడ దొరుకుతాయి అంటారా? మన మన్యంలోనే పండుతున్నాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి గిరిజన స్త్రీలు పండ్లు ఒక్కొక్కటే చూసి, ఎర్రబడినవే కోస్తారు. పోయిన నెల మా అమ్మాయి అరకులో ఒక కిలో పచ్చి గింజలు కొని పట్టుకొచ్చింది. వేయిస్తూ వుండగా పై అంతస్తు ఆవిడ మెట్లు దిగి వచ్చి, “పిన్నిగారూ, యీ వాసన మీ యింట్లోంచేనా?” అంది. ఆవిడకు రేపు గిన్నెడు పొడి పంపాలి.