మన్యం పోరాటం (1922–1924)

అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తూర్పు కనుమల గిరిజనులు బ్రిటిషు పాలనపై 1922 ఆగస్టు నుంచి 1924 వరకు సాగించిన సాయుధ సమరాన్ని మన్యం పోరాటం అంటారు. ప్రభుత్వ పత్రాలు దీనిని పితూరీగా, అంటే తిరుగుబాటుగా, పేర్కొన్నాయి. అరకు లోయకు నైరుతి దిశలోని గూడెం, రంప కొండలు దీనికి కేంద్రాలు.

కొండవాలున అడవి నరికి, కాల్చి, ఆ బూడిద నేలలో విత్తే పోడు సేద్యాన్ని 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కట్టడి చేయగా, గ్రామాల సముదాయమైన ముఠాపై పెత్తనం చేసే ముఠాదారుల హక్కులు క్రమంగా హరించుకుపోయాయి. కల్లుపై విధించిన చిగురుపన్ను 1879లోనే రంపలో తిరుగుబాటు రేపింది. ఆ పాత గాయం మానకముందే గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి ఇవ్వక హింసించడంతో గాం గంటందొర, మల్లుదొర సోదరుల వంటివారు రాజు పక్షాన నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. మొత్తం 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు దొరికాయి. తీసుకున్న ఆయుధాల వివరాన్ని రాజు స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేసి వెళ్లాడు. విల్లంబులతో మొదలైన దళానికి తుపాకులు శత్రువు ఇంటినుంచే సమకూరాయన్నది ఈ యుద్ధమంతటికీ మూలసూత్రం.

పోరాటంలో మిక్కిలి నేర్పుతో నడిపిన సమరం 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగింది. ఇరుకు దారికి పైనున్న గట్లమీద పొంచిన తిరుగుబాటుదారులు ముందు నడిచిన భారతీయ పోలీసులను ఏమీ చేయకుండా పోనిచ్చి, వెనుక వచ్చిన ఆంగ్లాధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపారు. తోటి భారతీయుల ప్రాణం తీయరాదన్న రాజు నియమం యుద్ధరంగంలోనూ నిలిచిందనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు.

ఆ తరువాత ప్రభుత్వం స్టేషన్లలోని ఆయుధాలను ముందుగానే తరలించినందువల్ల అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరంపై జరిగిన దాడుల్లో ప్రజల ఆదరణ లభించినా తుపాకులు లభించలేదు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం వద్ద మలబార్ ప్రత్యేక పోలీసు దళంతో జరిగిన పోరులో తిరుగుబాటుదారులకు తీవ్ర నష్టం కలిగింది. పోరాటం సన్నగిల్లడానికి ఈ ఓటమితోపాటు ఆయుధాల కొరత కూడా అంతే కారణం.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో అస్సాం రైఫిల్స్ దిగగా, ప్రత్యేక కమిషనర్ రూథర్‌ఫర్డ్ పల్లెలపై ఒత్తిడి పెంచాడు. మే 7న మంప వద్ద పట్టుబడిన రాజును కొయ్యూరులో మేజర్ గుడాల్ ఏ విచారణా లేకుండా కాల్పించాడు. ఏ న్యాయస్థానమూ విధించని ఆ మరణం హత్యే. జూన్‌లో గంటందొర నేలకొరిగాడు. అండమాన్ చెరనుండి బయటపడిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.