అడిగినవారి పేరు లేని చరిత్ర

ఆరుద్ర పేరుతో ప్రసిద్ధుడైన భాగవతుల సదాశివశంకర శాస్త్రి పుట్టి 2025 ఆగస్టు 31 నాటికి నూరేళ్లు నిండాయి. ‘త్వమేవాహం’ కవిగా, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు ఒంటిచేత్తో రాసిన పరిశోధకుడిగా, సినీగేయ రచయితగా ఆయనను తలుచుకునేవారు ఎందరో ఉన్నా, గళ్ళనుడికట్టు కూర్చి పాఠకుల చేత తలలు పట్టించిన ఆరుద్ర మాత్రం శతజయంతి ప్రసంగాల్లో చివరి వాక్యానికి పరిమితమవుతాడు. చిక్కుప్రశ్న వేయడం, దాన్ని విప్పడం అనే వినోదానికి తెలుగునాట ఉన్న సుదీర్ఘ చరిత్రలో ఆయనది అరుదైన స్థానం; ఎందుకంటే ఆ చరిత్ర విప్పినవారి పేర్లను పదిలంగా దాచుకుందే గాని, అడిగినవారిని దాదాపు పూర్తిగా మరిచిపోయింది.

వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో ప్రహేళిక, అంటే అర్థాన్ని దాచి అడిగే పొడుపు, కావ్యసమస్యాపూరణం రెండూ ఉన్నాయి. దండి తన ‘కావ్యాదర్శం’లో ప్రహేళికలను 16 రకాలుగా విభజించి, మిత్రగోష్ఠుల్లో వినోదానికి అవి పనికివస్తాయని చెప్పాడు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూర్తిచేశాడు గనుక యక్షప్రశ్నలు ఆయన చేతిమీదుగా తెలుగులోకి వచ్చాయి. పాతకాలంలో ప్రశ్నించినవాడి పేరు ఘనంగా నిలిచిన సందర్భం ఇదొక్కటే కాబోలు, అదీ అడిగినవాడు సాక్షాత్తు యమధర్మరాజు కావడం వల్ల. ఆ తరువాతి కొన్ని శతాబ్దాలకు ఆధారాలు చాటువులే. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న అసంబద్ధపు పాదాన్ని ఇస్తే, జూదంలో ఓడిన పాండవులు విరాటుని కొలువులో చేరడాన్ని అందులో ఇమిడ్చి తెనాలి రామకృష్ణుడు పూరించాడన్న కథ తెలుగువారిలో తెలియనివారు తక్కువ. ఆ దోమను ముందుగా ఊహించినవాడెవరో చెప్పడంలో మాత్రం కథలు తలోదారీ పడతాయి.

ఈ ఆటకు అసలైన వైభవం దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి జంటగా, తిరుపతి వేంకట కవుల పేరుతో ఊరూరా అవధానాలు చేసిన రోజుల్లో వచ్చింది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అనగా ప్రశ్నలు వేసేవారు, అవధాని చుట్టూ కూర్చుంటారు. సమస్యను ఇచ్చేవారు వినడానికి తప్పుగానో అసంబద్ధంగానో తోచే ఒక పాదాన్ని ఇచ్చి, మిగిలిన పాదాలతో దాన్ని ఒప్పుగా మార్చమంటారు. దత్తపది ఇచ్చేవారు సందర్భానికి పొసగని నాలుగు మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. నిషిద్ధాక్షరి వారు అవధాని నోట రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి అది వాడరాదని అడ్డుకుంటారు. వీటి నడుమ అప్రస్తుత ప్రసంగి లోకాభిరామాయణంతో ఏకాగ్రత చెడగొడుతుంటే, అవధాని ఆవృత్తికి ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు ముగించి, చివర అన్నింటినీ జ్ఞాపకం నుంచి ఏకధాటిగా అప్పజెప్పాలి. దీనికే ధారణ అని పేరు.

పండితులకు మీసాలేమిటని ఆక్షేపించినవారికి ఈ జంట పద్యంలోనే జవాబిచ్చింది. అది దోషమని తమకు తెలుసుననీ, సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ తామే కవులమని చాటడానికే పెంచామనీ, తమను గెలవగలవారు ఎదురైతే మీసం తీసి మొక్కుతామనీ దాని సారాంశం. ఇంతటి అతిశయం నేటి సభల్లో ఎవరైనా చూపితే నవ్వుకుంటారు గాని, కొప్పరపు సోదర కవుల వంటి ఉద్దండులు ప్రతిస్పర్ధులుగా ఉన్న కాలంలో అది పందెం కాసినట్టే. చెళ్లపిళ్ల బందరు హిందూ హైస్కూలులో తెలుగు చెప్పినప్పుడు ఆయన శిష్యులైనవారిలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. కృష్ణా తీరంలో సమస్యల మోజు గురుశిష్య పరంపరగా దిగివచ్చిందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. అయితే ఆ సభల్లో నిషిద్ధాక్షరి నిర్వహించినవారు అవధానితో సమానంగా పద్యాన్ని ముందుగా ఊహించగలిగి ఉండాలి గదా. గ్రంథాలకెక్కిన వందలాది పూరణల పక్కన వారి పేర్లు వెతికితే దొరకడం అరుదు.

1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ సభను ఇంటింటికీ చేర్చింది. రేడియోలో సమస్య ఇస్తే శ్రోతలు పూరణలు రాసి పోస్టులో పంపేవారు, ఎంపికైనవాటిని పంపినవారి పేరుతో సహా చదివేవారు. కార్డు ముక్క మీద రాసిన కందపద్యం గాలిలో వినిపించడం పల్లెటూరి బడిపంతులుకు చిన్న గౌరవమేమీ కాదు.

పద్యం రానివారికి దొరికిన అవధానం గళ్ళనుడికట్టు. ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో అచ్చువేయించిన గడుల ఆటకు ఇంగ్లండులో గూఢమైన ఆధారాలు తోడయ్యాయి. తెలుగులో దానినే శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’గా, ఆరుద్ర ‘గళ్ళనుడికట్టు’గా మలిచారు. ఆధారమంటే జవాబుకు దారిచూపే సూచన. అందులో ఒక భాగం జవాబు అర్థాన్ని, మరొక భాగం దాని నిర్మాణాన్ని చెబుతుంది. ఉదాహరణకు ‘ఆలయమున్న పేట కృష్ణా జిల్లాలో (4)’ అంటే గుడి, వాడ కలిసి గుడివాడ. ‘అమరావతిలో తిరగబడి దాగిన దాశరథి (2)’ అన్నది మరికొంచెం గడుసుది. అమరావతి నడుమ ఉన్న ‘మరా’ను తిప్పితే ‘రామ’ వస్తుంది, ఆ తిరగబాటు కిటుకు వాల్మీకి నాటిదే. డుమువులు రాలేదని వ్యాకర్తలు అభ్యంతరం చెప్పవచ్చు గాని, గడుల ఆటలో ఆ మాత్రం వెసులుబాటు తప్పదు.

ఇంగ్లీషులో గడికొక వర్ణమైతే తెలుగులో గడికొక అక్షరం, గుణింతంతో ఒత్తుతో సహా. అడ్డంగా వచ్చిన ‘రా’ నిలువుగానూ ‘రా’గానే ఉండాలి, ‘ర’ గాని ‘రి’ గాని చెల్లదు. అందువల్ల తెలుగు గడిని నింపడం కన్న కూర్చడం చాలా కష్టం, ఆ కష్టం పడినవాడి పేరే ఇక్కడ నిలిచింది. అవధానంలో అనామకుడైన పృచ్ఛకుడు గళ్ళలో కర్త అయ్యాడు. అనామకులైనది ఈసారి పాఠకులు.

అక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. ‘ఈమాట’ వంటి అంతర్జాల పత్రికలు గడులను విదేశాల్లోని తెలుగువారి ముందుంచాయి. 2020 నాటి లాక్‌డౌన్‌లో అవధానాలే జూమ్ తెరకెక్కాయి. నెట్‌వర్క్ తడబడితే, మధ్యమధ్య మోగించిన గంటలను అవధాని లెక్కించి చెప్పే ఘంటాగణనంలో ఎవరి గంటల లెక్క వారిదే. విజయవాడ భవానీపురంలో ఒకరు వాట్సాప్‌లో పొద్దున సమస్య పెడితే, పున్నమి ఘాట్‌లో నడకకు వెళ్లినవారికీ డల్లాస్‌లో నిద్రకు ఉపక్రమించేవారికీ అది ఒకేసారి అందుతుంది. గణయతిప్రాసలు సరిచూడటానికి ‘ఛందం’ వంటి ఉపకరణాలు, పర్యాయపదాలకు ‘ఆంధ్రభారతి’ నిఘంటువులు చేతిలోనే ఉన్నాయి గనుక, జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష ఎంత పలచబడిందో, గూగుల్‌కు దొరకని ప్రశ్న కూర్చడం అంత కష్టమైంది. ఇది నష్టమో లాభమో తేల్చడం తొందరపాటే. ఒక మేలు మాత్రం స్పష్టం: చాలా బృందాల్లో అడిగే వంతు చేతులు మారుతుంది, నిన్న విప్పినవారే నేడు ముడివేస్తారు.

ఫోను మారినప్పుడల్లా ఈ సంపదలో సగం చెరిగిపోతోంది. బృందాలు నడిపేవారు మంచి పూరణలను, గడులను తేదీతో విడిగా భద్రపరచాలి. ప్రతి జవాబు పక్కనా ప్రశ్న ఇచ్చినవారి పేరు కూడా రాసి ఉంచాలి.